నాలుగు వందల మందిలో ఒకడిని



గత గురువారం గృహ కూడిక అయిపోయాక టీ తాగుతూ కూర్చున్నాం. ఒక తమ్ముడు ఫోనులో ఏదో చూస్తూ అడిగాడు. “అయ్యగారూ, అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య మన తణుకు దగ్గర వడ్లూరు అమ్మాయేనట కదా. ఆవిడ హిందువు. రేపు 2028లో ఈయన అధ్యక్ష పదవికి నిలబడితే అక్కడి విశ్వాసులు ఓటేస్తారా?”

పక్కనే ఉన్న మన సంఘ పెద్ద ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, “ఎందుకెయ్యరు? ముందు ఆవిడ బాప్తిస్మం తీసుకోవాలి, అంతే” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాత్రి చెరువు గట్టు మీద బండి నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే ఆ నవ్వు నన్ను వదలలేదు. ఆ మాట అంత తేలికగా మన నోట ఎలా వచ్చింది? నేనెందుకు నవ్వాను? ఈ వారం మీకు వ్రాస్తున్నది ఆ సంగతే. ఇందులో అమెరికా ఉంది, మన కొల్లేరు ఉంది, నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

ముందు ఆ తమ్ముడి ప్రశ్న చూద్దాం. ఉషా చిలుకూరి వాన్స్ పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. పూర్వీకుల ఊరు మాత్రం మన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. ఆమె భర్త 2019లో క్యాథలిక్ సంఘంలో చేరాడు. 2024 నవంబరులో అక్కడ ఎన్నికలు జరిగినప్పుడు, ఆయన గెలవాలని వడ్లూరు ఆలయంలో పూజలు చేశారు. ఆ వార్త మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అక్కడ క్రైస్తవుల ఓట్లతో గెలవాలని ఇక్కడ గుడిలో అర్చన జరిగింది. దేవుని దృష్టిలో ఇవన్నీ ఎలా కనబడతాయో అని అప్పుడే అనుకున్నాను.

2025 అక్టోబరు చివరలో మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఒక సభలో వాన్స్‌ను ఆయన భార్య మతం గురించి అడిగారు. తనను కదిలించిన విశ్వాసమే ఏదో ఒక రోజు ఆమెను కూడా కదిలిస్తుందని ఆశపడుతున్నానని, కదిలించకపోయినా అది తనకు ఇబ్బంది కాదని ఆయన చెప్పాడు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. ఆమెకు మతం మారే ఆలోచన లేదని తరువాత ఆయనే చెప్పవలసి వచ్చింది. ఒక భర్త తన భార్య రక్షణ కోసం ఆశపడటం మనకు కొత్త కాదు. మన సంఘంలో ఎంతమంది అమ్మలు భర్తల కోసం ఏళ్ల తరబడి అలాగే కన్నీటితో ప్రార్థిస్తున్నారు! కాని ఆ అమ్మల ప్రార్థన గది తలుపు వేసుకొని జరుగుతుంది. ఆయన మాట వేల మంది ఓటర్ల ముందు జరిగింది. ఆ మాట ఎంతవరకు దేవునిది, ఎంతవరకు ఓటుది అని జనం అనుమానించారు. అలా అనుమానం పుట్టడమే ఒక నష్టం.

అమెరికాలో మన దగ్గర లేని పద్ధతి ఒకటి ఉంది. మన దగ్గర టికెట్ ఎవరికి ఇవ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. అక్కడ అసలు ఎన్నికకు ముందే, పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి రాష్ట్రం తరువాత రాష్ట్రం ఓటు వేస్తారు. దాన్ని ప్రైమరీ అంటారు. రిపబ్లికన్ పార్టీలో మొదట అయోవా రాష్ట్రం వస్తుంది. అక్కడ చలికాలం రాత్రి బడుల్లో, హాళ్లలో, కొన్నిచోట్ల చర్చిల్లో కూడా సమావేశమై ఓటు వేస్తారు. అలా వచ్చేవారిలో సగం కంటే ఎక్కువమంది మనలాంటి సువార్తిక విశ్వాసులే. అందుకే అభ్యర్థులందరూ అక్కడ బైబిలు పట్టుకొని తిరుగుతారు.

2008లో అయోవాలో గెలిచినవాడు మైక్ హకబీ. ఆయన స్వయంగా బాప్టిస్టు పాస్టరు. చివరికి టికెట్ దక్కింది జాన్ మెక్‌కెయిన్‌కు. 2012లో అయోవాలో రిక్ శాంటోరమ్ గెలిచాడు. టికెట్ మాత్రం మోర్మన్ మతస్థుడైన మిట్ రామ్నీకి వెళ్లింది. 2016లో పాస్టరు కుమారుడైన టెడ్ క్రూజ్ అయోవాలో గెలిచాడు. తరువాత సౌత్ కరోలినా విశ్వాసులు కూడా డొనాల్డ్ ట్రంప్ వైపు తిరిగారు, టికెట్ ఆయనకే వచ్చింది. 2024 జనవరిలో వివేక్ రామస్వామి అనే హిందూ యువకుడు అదే అయోవాలో ఊరూరా తిరిగి, తన విశ్వాసం గురించి అడిగిన ప్రతివారికీ ఓపికగా జవాబు చెప్పాడు. నాలుగో స్థానంలో నిలిచి ఆ రాత్రే తప్పుకున్నాడు.

ఇందులో ఎవరు మంచి, ఎవరు చెడు అని నేను తీర్పు చెప్పను. అది నా పని కాదు. నేను గమనించింది ఇంతే. మూడుసార్లు వరుసగా భక్తిపరుడని తాము నమ్మిన వ్యక్తికి మొదటి ఓటు వేశారు. చివరికి వారి ఓటు ఇంకో లెక్క ప్రకారం వెళ్లింది. మేము పాస్టరును ఎన్నుకోవడం లేదు, మా తరఫున పోరాడే మనిషిని ఎన్నుకుంటున్నాం అని వారిలో చాలామంది బాహాటంగానే చెప్పారు. అలా ఎన్నుకోవడం పౌరుడి హక్కు. కాని పోరాడే మనిషిని ఎన్నుకొని, ఆయన తల మీద చేతులుంచి ఈయన దేవుడు పంపిన అభిషిక్తుడు అంటే అది వేరే సంగతి.

అలా చేతులుంచినవాడిని నేను. అందుకే ఆ రాత్రి నవ్వు నన్ను వదలలేదు.

కొన్ని ఎన్నికల క్రితం మాట. ఏ ఎన్నిక, ఏ పార్టీ అని అడగవద్దు, చెప్పను. అప్పుడు నేను వేరే ఊళ్లో, కొల్లేరు ఒడ్డున ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాను. వేదాంత కళాశాలలో డిప్లొమా తీసుకొని వచ్చి ఎక్కువ కాలం కాలేదు. గుడికి రేకులు వేశాం, ప్రహరీ గోడ లేదు. గేదెలు నేరుగా గుడి మెట్ల దాకా వచ్చేవి.

శనివారం రాత్రి ఊరి నాయకుడొకాయన ఇంటికి వచ్చాడు. “అయ్యగారూ, రేపు మా అభ్యర్థి ఆరాధనకు వస్తున్నారు. చుట్టుపక్కల అన్ని సంఘాల వాళ్లూ ప్రార్థన చేసి దీవించారు. మీరు కూడా రెండు మంచి మాటలు చెప్పండి. గోడ సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు. నేను కాదనలేదు. అబద్ధమెందుకు, సంతోషించాను. అంత పెద్ద మనిషి మన పేటకు, మన గుడికి వస్తున్నాడంటే మా అందరికీ అదొక గౌరవంగా అనిపించింది. ఏళ్ల తరబడి మన పేటలోకి కారు దిగని వాళ్లను చూసిన మనకు ఆ ఆశ ఉంటుంది. దాన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను.

ఆయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మైకు ఇచ్చాను. మంచి కాపరి గురించి ఒక వాక్యం తప్పు లేకుండా చెప్పాడు, చిన్నప్పుడు సండే స్కూలుకు వెళ్లేవాణ్ణన్నాడు. తరువాత మోకరించాడు. నేను తల మీద చెయ్యి వేసి ప్రార్థించాను. ప్రార్థన మధ్యలో నా నోట ఒక మాట వచ్చింది. “విజయం నీదని ప్రభువు సెలవిస్తున్నాడు” అన్నాను. ప్రభువు నాకేమీ సెలవియ్యలేదు. ఆ సమయంలో నా మనసులో ఉన్నది ప్రహరీ గోడ.

ఆయన ఓడిపోయాడు.

లెక్కింపు అయిన తరువాతి ఆదివారం సండే స్కూల్లో పదేళ్ల పిల్లవాడు లేచి అడిగాడు. “అయ్యగారూ, దేవుడు చెప్పాడన్నారు కదా. మరి ఓడిపోయాడేంటి?” వాడు వెక్కిరించలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను ఏదో తిప్పి చెప్పాను. వాడు సరే అని కూర్చున్నాడు. నా డిప్లొమాలో అడిగిన ఏ ప్రశ్నకూ నేను అంతగా చెమటలు పట్టలేదు.

అంతటితో అయిపోలేదు. మా సంఘంలో ఒక కుటుంబం అవతలి పార్టీకి పని చేసేది. కొడుకు ఆ పార్టీకి బూత్ ఏజెంటు. ఆ ఆదివారం తరువాత వాళ్లు గుడికి రావడం మానేశారు. నేను పట్టించుకోలేదు, వాళ్లే వస్తారులే అనుకున్నాను. ఎనిమిది నెలలకు ఆ ఇంటి తల్లి ప్రభువునందు నిద్రించింది. మేము ఆ ఊరు వచ్చిన కొత్తలో మా ఇంట్లో పొయ్యి సరిగా లేనప్పుడు రోజు విడిచి రోజు కొర్రమీను పులుసు పంపిన తల్లి ఆవిడ. భూస్థాపనకు పొరుగూరి పాస్టరుగారిని పిలిపించుకున్నారు. పెట్టె మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. నేను, మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూశాం.

జ్ఞాపకార్థ కూడికకు పిలవకపోయినా వెళ్లాను. వెనక చాప మీద కూర్చున్నాను. అందరూ వెళ్లాక కొడుకు దగ్గరకు వెళ్లి, “తమ్ముడూ, నన్ను క్షమించు” అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు. “మీరు ఎవరికి ఓటేసుకుంటే నాకేంటి అయ్యగారూ. ఆ రోజు మీరు ప్రార్థన చేస్తుంటే మా అమ్మ ముందు వరసలో ఉంది. ఆమేన్ అనాలో వద్దో తెలియక నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.”

ఆ తల్లి నలభై ఏళ్లు ఏ ప్రార్థనకైనా ఆలోచించకుండా ఆమేన్ అన్న మనిషి. ఆ ఒక్క ఆమేన్ దగ్గర ఆమెను ఆపినవాడిని నేను.

ప్రియులారా, ఆ రాత్రి నేను 1 రాజులు 22వ అధ్యాయం తీశాను. అహాబు రాజు రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్లాలనుకున్నాడు. నాలుగు వందల మంది ప్రవక్తలను సమకూర్చి అడిగాడు. నాలుగు వందల మందీ ఒకే నోట వెళ్లు, గెలుపు నీదే అన్నారు. సిద్కియా అయితే ఇనుప కొమ్ములు కూడా చేయించి తెచ్చాడు. అప్పుడు మీకాయాను పిలవడానికి ఒక దూత వెళ్లాడు. ఆ దూత దారిలో ఏమన్నాడో చూడండి. అందరూ రాజుకు మంచే పలికారు, నువ్వు కూడా అలాగే పలుకు అన్నాడు. చదువుతుంటే శనివారం రాత్రి మా ఇంటి అరుగు మీద కూర్చున్న ఆ నాయకుడి గొంతు వినిపించింది. మీకాయా ఒప్పుకోలేదు. చెంపదెబ్బ తిన్నాడు, చెరసాలకు వెళ్లాడు. నాలుగు వందల మందికి రాజు దగ్గర భోజనం దొరికి ఉంటుంది. అహాబు మాత్రం యుద్ధం నుంచి తిరిగి రాలేదు.

నేను ఇన్నాళ్లూ ఆ అధ్యాయాన్ని మీకాయా పక్కన నిలబడి ప్రసంగించాను. ఆ రాత్రి తెలిసింది, నేను నిలబడింది నాలుగు వందల మంది వరసలో.

ఇక చట్టం సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు 4-3 తేడాతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని తీర్పిచ్చారు. గుడి, మసీదు, చర్చి ఆవరణను రాజకీయానికి వాడకూడదని 1988లోనే వేరే చట్టం వచ్చింది. అమెరికాలో కూడా పన్ను మినహాయింపు పొందే సంఘాలు అభ్యర్థులను బలపరచకూడదని 1954 నుంచి చట్టం ఉంది. 2025 జూలైలో అక్కడి పన్నుల శాఖ, పాస్టరు తన సంఘానికి ఆరాధనలో చెప్పే మాటకు అది వర్తించదని కోర్టులో ఒప్పుకున్నది. మన దగ్గర కూడా రేపు ఎవరైనా ఆ తలుపు తీయవచ్చు. తీసినా నేను అందులోంచి వెళ్లను. నన్ను ఆపేది సెక్షను కాదు, ఆ తల్లి చూపు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మునుపటి ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. తరువాతి ప్రభుత్వమూ కొనసాగించింది. నేనూ తీసుకున్నాను. మా అమ్మాయి ఫీజుకు అది ఎంతో ఉపయోగపడింది, ఇచ్చినవారికి కృతజ్ఞుడిని. కాని ఆ డబ్బు నా జేబులోకి వచ్చింది, మీ ఓటు నా జేబులోకి రాలేదు. ఎవరైనా నా దగ్గరకు వచ్చి మీ సంఘంలో ఎన్ని ఓట్లున్నాయి అని అడిగితే, నా దగ్గర ఒక్కటే ఉంది అని చెబుతాను.

మన వాళ్లు మతం చూసి ఓటేస్తారని బయటివాళ్లు అనుకుంటారు. 2019 ఏప్రిల్ 11 గుర్తు చేసుకోండి. తాడేపల్లిగూడెం కూడా ఉన్న నరసాపురం లోక్‌సభ స్థానంలో ప్రపంచమంతా తిరిగిన సువార్తికుడు కె.ఎ. పాల్ హెలికాప్టర్ గుర్తు మీద నిలబడ్డారు. 1836లో వచ్చిన బౌడన్, బీర్ మిషనరీలు సువార్త నాటిన గడ్డ అది. అక్కడ ఆయనకు డిపాజిట్ కూడా దక్కలేదు. ఆయన్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. మన విశ్వాసులు ప్రసంగానికి ఆమేన్ అంటారు, ఓటు మాత్రం వాళ్ల లెక్క ప్రకారం వేసుకుంటారు అని చెబుతున్నాను. మా పాస్టర్లు మీకు ఇచ్చిన గౌరవం కంటే మీ వివేకం ఎక్కువ.

అయితే ఆ లెక్కలో ఏముండాలి? అభ్యర్థి వచ్చి వాక్యం చెబితే ఆనందించండి, తరువాత అడగండి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అందులో సొసైటీల పేదల చెరువులూ పోయాయి. మూడో కాంటూరుకు కుదించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలో అదే మాట వింటున్నాం. సరస్సూ బతకాలి, లంక గ్రామాల మనుషులూ బతకాలి, మీ దారి ఏమిటి అని అడగండి. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను చేర్చాలని మన అసెంబ్లీ 2009లోనూ 2023లోనూ తీర్మానించింది. ఢిల్లీలో ఏం చేశారు అని అడగండి. 2021 ఫిబ్రవరిలో ఎన్నుకున్న పంచాయతీలకు ఐదేళ్ల గడువు. మళ్లీ సర్పంచి అభ్యర్థులు మన గుమ్మం ఎక్కుతారు. వానాకాలంలో మన సమాధుల తోటకు పెట్టె మోసుకొని వెళ్లే దారి ఏమిటని అడగండి. అడిగేటప్పుడు ఆయన ఏ దేవునికి మొక్కుతాడని చూడవద్దు. మాట నిలబెట్టుకునే మనిషా కాదా చూడండి.

మన సంఘంలో ఇకపై పద్ధతి ఇది. ఏ పార్టీవారైనా ఆరాధనకు రావచ్చు. అందరితో పాటు చాప మీద కూర్చోవచ్చు. మైకు ఇవ్వం, శాలువా కప్పం. ప్రార్థన చేయమంటే చేస్తాం. ఆయన కోసం, ఆయన మీద పోటీ చేసేవారి కోసం, ఇద్దరి పేర్లూ పలికి ఒకే ప్రార్థనలో చేస్తాం. గెలుపు ఎవరిదో చెప్పం.

వచ్చే గురువారం మన సంఘ పెద్దతో, ఆ తమ్ముడితో కూర్చొని ఆ నవ్వు గురించి మాట్లాడతాను. ఎవరో ఒకావిడ బాప్తిస్మాన్ని ఎన్నికల ఖర్చులో వేసుకున్నాం మనం. బాప్తిస్మం అంత చవకైనది కాదు. అన్నట్టు, ఆ బూత్ ఏజెంటు తమ్ముడు మూడేళ్ల తరువాత గుడికి తిరిగి వచ్చాడు. ఈనాటికీ వెనక వరసలోనే కూర్చుంటాడని ఆ ఊరివాళ్లు చెబుతారు. నేను కట్టించుకోవాలనుకున్న ప్రహరీ గోడ ఆ సంఘస్థులే కూలి డబ్బుల్లోంచి తీసిన కానుకలతో తరువాత కట్టుకున్నారు. నడుము ఎత్తు మాత్రమే ఉంది. గేదెలను ఆపడానికి అది చాలు.

ప్రార్థన: ప్రభువా, నీవు చెప్పనిది నీవు చెప్పావని పలికిన నా నోటిని క్షమించుము. మమ్మును ఏలువారికి న్యాయము చేయు మనసు దయచేయుము. ఓటు వేయు నీ పిల్లలకు వివేకమిమ్ము. ఏ తల్లియూ నీ సన్నిధిలో ఆమేన్ అనుటకు సందేహింపకుండునట్లు నీ కాపరులను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.